పిల్లల లెక్కలకి ఏ ఆట: యాపా, పేకముక్కలా, పాచికలా, పటమా?

లెక్కలు నేర్పడానికి మంచి ఆట ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: మీ పాప 8 + 5 ఎలా చేస్తుంది? ఎంత చెబుతుంది అని కాదు, ఎలా చేస్తుంది అని. చాలామంది దగ్గర జవాబు ఉండదు. మనందరం జవాబు కరెక్టా కాదా అనే చూస్తాం గానీ, అది బయటికొచ్చే ముందు పెదాలు ఎంతసేపు కదిలాయి, బల్ల కింద వేళ్లు ఎన్ని ముడుచుకున్నాయి అని చూడం. కానీ ఏ ఆట కొనాలి, ఏది వద్దు, ఏది ఇంట్లో కాగితం మీద గీసుకుంటే సరిపోతుంది అన్నది తేలేది అక్కడే.

నేనూ ఇవేమీ చూడకుండా యాప్‌తో మొదలుపెట్టినవాణ్ణే. మా వాడికి అప్పుడు ఆరేళ్లు. రెండు నెలలు రోజూ ఆడాడు, స్క్రీను నిండా నక్షత్రాలు, వాడి బొమ్మకి టోపీ, రెక్కలు, ఏవో మెరిసే బూట్లు కూడా వచ్చాయి, నేను తెగ సంతోషపడ్డాను. ఒకరోజు సాయంత్రం ఊరికే పక్కన కూర్చుని చూశాను. 7 + 6 అని వచ్చింది, కింద నాలుగు బుడగలు: 11, 14, 13, 12. వాడు 11 నొక్కాడు, 'టుంయ్' అంది. 14 నొక్కాడు, మళ్లీ 'టుంయ్'. 13 నొక్కాడు, బుడగ పగిలి నక్షత్రం రాలింది. "ప్రశ్న చదివావా?" అన్నాను. "చదవక్కర్లేదు నాన్నా, ఏదో ఒకటి పగులుతుంది" అన్నాడు, నాకు తెలియని చిట్కా చెబుతున్నట్టు. వాడి తప్పేం లేదు. తప్పు జవాబుకి ఏ నష్టమూ లేని చోట నాలుగు నొక్కులు ఒక కూడిక కంటే తేలిక, ఆ సంగతి వాడు నాకంటే ముందే కనిపెట్టాడు, అంతే.

అప్పటినుంచి ఏ ఆటకైనా నాది ఒకటే పరీక్ష. కాగితం, పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చుంటాను. పది నిమిషాల్లో పిల్లవాడు నిజంగా బుర్ర పెట్టి చేసిన లెక్క ప్రతిదానికీ ఒక గీత. గెంతులు, పాటలు, టోపీలు మార్చడం, తన వంతు కోసం గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవడం, వీటికి గీత లేదు. ఆ యాప్‌కి పది నిమిషాల్లో నాలుగు గీతలు పడ్డాయి. అదే వారం రెండు పాత పేకముక్కల కట్టల్లో ఒకటి తీసి ఆడిస్తే యాభై దగ్గరికి వెళ్లాయి. ఇంతకంటే పెద్ద శాస్త్రం ఏమీ లేదు ఇందులో, మీరూ ఇవాళే చేసి చూడొచ్చు.

ఇంకో తేడా కూడా చూడండి. కొన్ని ఆటల్లో లెక్క అనేది టికెట్టు. లెక్క చెప్పు, అప్పుడు కారు నడుపుకో, లెక్క చెప్పు, అప్పుడు రాక్షసుణ్ణి కొట్టు. అక్కడ ఆటకీ లెక్కకీ సంబంధమే లేదు, లెక్క తీసేసి స్పెల్లింగు పెట్టినా కారు అలాగే నడుస్తుంది. ఇంకొన్నింట్లో లెక్కే బండి చక్రం: అది తిరిగితేనే ఆట కదులుతుంది, లెక్క బాగా ఆలోచించినవాడికి ఎత్తు కూడా మంచిది దొరుకుతుంది. టికెట్టు ఆటలు పనికిరావని అనను, వచ్చిన లెక్కనే పదిసార్లు చేయించడానికి అవి చాలు. కానీ రాని లెక్కను నేర్పడం వాటివల్ల కాదు, ఎందుకంటే పిల్లల దృష్టి టికెట్టు మీద ఉండదు, కారు మీద ఉంటుంది.

ముందు 8 + 5 సంగతి తేల్చుకోండి

కొందరు పిల్లలు ఎనిమిది గింజలు పెట్టి, పక్కన ఐదు పెట్టి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి పదమూడు దాకా అన్నీ లెక్కపెడతారు. కొందరు 'ఎనిమిది' అని మనసులో పెట్టుకుని తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు అని ముందుకెళ్తారు. ఇంకొందరు ఐదులోంచి రెండు తీసి ఎనిమిదికిచ్చి, పది చేసుకుని, మిగిలిన మూడు కలుపుతారు. చివరివాళ్లకి ఆలోచించే పనే లేదు, పదమూడు అని నోట్లోంచి వచ్చేస్తుంది. నలుగురూ చెప్పింది పదమూడే, నలుగురికీ పేపర్లో ఒకే మార్కు, కానీ నలుగురికీ కావలసిన ఆటలు వేరు. మొదటి మెట్టు మీదున్న పిల్లకి ఎంత వేగంగా చెబితే అన్ని పాయింట్లు వచ్చే ఆట ఇచ్చారనుకోండి, ఆ పిల్ల నేర్చుకునేది కూడిక కాదు, టెన్షన్.

వేళ్లు వాడితే మాత్రం తిట్టకండి. వేళ్లు దాచి లెక్కపెట్టే పిల్లల కంటే ఎదురుగా పెట్టి లెక్కపెట్టే పిల్లలే నయం, ఏ మెట్టు మీద ఉన్నారో మనకి కనిపిస్తుంది. పై మెట్టు ఎక్కాక వేళ్లు వాటంతటవే ఆగిపోతాయి.

పటం ఆటలు: ఐదు నుంచి ఏడేళ్ల దాకా బ్రహ్మాండం, ఆ తర్వాత అంత లేదు

పాములు-నిచ్చెనల్లాంటి ఆటల్ని కాలక్షేపం అని తీసిపారేస్తారు గానీ, చిన్నపిల్లల విషయంలో పరిశోధన గట్టిగా ఉన్నది వీటి మీదే. 2008లో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే ఇద్దరు పరిశోధకులు ఒక చాలా మామూలు ఆట తయారుచేశారు: ఒకే వరసలో పది గళ్లు, వాటిలో 1 నుంచి 10 అంకెలు, తిప్పితే 1 గానీ 2 గానీ వచ్చే చక్రం. బడికి ఇంకా వెళ్లని పేద కుటుంబాల పిల్లలతో రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పదిహేను నిమిషాలు ఆడించారు, అంటే మొత్తం గంట. ఏ అంకె పెద్దది, గీత మీద ఏ అంకె ఎక్కడుంటుంది, ఇలాంటివాటిలో ఆ పిల్లలు బాగా మెరుగుపడ్డారు, తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. అదే ఆటను అంకెలు తీసేసి రంగుల గళ్లతో ఆడినవాళ్లకి ఆ లాభం రాలేదు. తర్వాత గళ్లను గుండ్రంగా పెట్టి కూడా చూశారు, అదీ వరస గళ్లంత పనిచేయలేదు. గడులు వరసగా ఉన్నప్పుడు పెద్ద అంకె అంటే ఎక్కువ దూరం, ఎక్కువ జరుపుళ్లు, ఎక్కువసేపు, ఇవన్నీ కలిసి వస్తాయి కదా.

అయితే ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, దాదాపు ప్రతి ఇంట్లోనూ తప్పుతుంది. 37వ గడిలో ఉండి 3 పడితే పిల్లలు "ఒకటి, రెండు, మూడు" అంటూ కాయ జరుపుతారు. అలా కాదు, "ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, నలభై" అంటూ జరపాలి. 2014లో ఎలీడా లాస్కీ, సీగ్లర్ కలిసి వంద దాకా ఉన్న పటంతో దీన్నే పరీక్షిస్తే, గడిలో ఉన్న సంఖ్య నుంచి ముందుకు లెక్కపెట్టినవాళ్లే బాగా లాభపడ్డారు. పటం అదే, పాచిక అదే, నోటితో అనే మాట మారిందంతే. మా చిన్నదానితో ఇది అలవాటు చేయడానికి మూడు రోజులు పట్టింది. మొదట్లో "నాకు నచ్చినట్టు జరుపుకుంటా" అని అలిగింది, ఎవరు పాత పద్ధతిలో జరిపితే వాళ్లు ఒక గడి వెనక్కి అని రూలు పెట్టాక నన్ను పట్టుకోవడం మీద పడి తను సరిగ్గా అనడం మొదలుపెట్టింది.

మామూలు పాములు-నిచ్చెనల పటంలో ఇంకో ఇబ్బంది ఉంది. మొదటి వరస ఎడమ నుంచి కుడికి, రెండో వరస కుడి నుంచి ఎడమకి వెళ్తుంది. అందుకే 3 మీద ఉండేది 13 కాదు, 18. పది కలిపితే ఒక వరస పైకి, అనే అందమైన సంగతి ఆ పటంలో కనిపించదు. పదులు-ఒకట్లు అర్థం కావడమే మీ అవసరమైతే, అన్ని వరసలూ ఎడమ నుంచే మొదలయ్యేలా కాగితం మీద మీరే వంద గళ్లు గీసుకోండి, పాములు మీకు నచ్చినచోట వేసుకోండి. అప్పుడు 3, 13, 23, 33 ఒకే నిలువు వరసలో నిలబడతాయి.

పటం ఆటలకి ఒక సుగుణం: అంతా అదృష్టమే కాబట్టి లెక్కల్లో వెనకబడిన పిల్ల కూడా గెలుస్తుంది. లోపమూ అదే, బాగా లెక్క చేసినందుకు ఏమీ కలిసిరాదు. ముందుకు లెక్కపెట్టడం వచ్చేశాక గీతలు వేసి చూడండి, పది నిమిషాల్లో చాలా తక్కువ పడతాయి. అప్పుడు పటం అటకెక్కించి పేకముక్కలు తీయండి.

పేకముక్కలు: ఒక్కటే తీసుకోమంటే నేను తీసుకునేది ఇదే

జాకీలు, రాణులు, రాజులు పక్కన పెడితే 1 నుంచి 10 దాకా నాలుగేసి చొప్పున 40 ముక్కలు మిగులుతాయి. ఆసు అంటే 1. పేకముక్కలు పిల్లల చేతికా అని ఇంట్లో ఎవరైనా అంటే అట్టముక్కల మీద అంకెలు రాసుకోండి, తేడా ఏమీ లేదు. చిన్నపిల్లలకైతే అసలు పేకముక్కే మంచిది, అంకెతో పాటు అన్ని గుర్తులూ దాని మీదే ఉంటాయి కాబట్టి సందేహం వస్తే వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు.

మొదటి ఆట చాలా తేలిక. ఇద్దరూ చెరి సగం పంచుకుని ఒక్కో ముక్క తిప్పుతారు, పెద్దది ఎవరిదైతే రెండూ వాళ్లవే. అది విసుగెత్తాక చెరి రెండు ముక్కలు తిప్పి కూడండి, ఎవరి మొత్తం పెద్దదో చూడండి. 40 ముక్కల కట్ట ఒకసారి తిరగడానికి పది వంతులు, అంటే పిల్ల తనవి పది కూడికలు, నావి సరిచూడ్డానికి పది, పైగా పది పోలికలు. మూడు నాలుగు నిమిషాల్లో కట్ట అయిపోతుంది. నేను అప్పుడప్పుడూ కావాలని నా మొత్తం తప్పు చెబుతాను, పట్టుకుంటే ముక్కలు తనవి. తన లెక్క చేసుకునేటప్పుడు లేని శ్రద్ధ నాన్న తప్పు పట్టుకునేటప్పుడు వస్తుంది. తర్వాత అదే ఆటలో కూడిక బదులు తీసివేత, ఆ తర్వాత గుణకారం. కట్ట మారదు, రూలు మారదు, కాబట్టి కొత్తగా వివరించే బాధ లేదు.

రెండోది పది జతలు. 10లు కూడా తీసేస్తే 36 ముక్కలు మిగులుతాయి. కొన్ని ముక్కలు బల్ల మీద తిప్పి పరిచి, రెండు కలిపితే పది అయ్యే జతలు ఏరుకోవాలి, ఖాళీ అయిన చోట కొత్త ముక్క. ఇందులో నాకు నచ్చేది ఏమిటంటే తప్పు దానంతటదే బయటపడుతుంది: 1లు నాలుగు, 9లు నాలుగు, 5లు వాటిలో అవే జత, అన్నీ సరిగ్గా పోతే 18 జతలై బల్ల ఖాళీ అవ్వాలి. చివర్లో జత కుదరని ముక్కలు మిగిలాయంటే ఎక్కడో తప్పు ఏరుకున్నట్టే, అది మనం చెప్పక్కర్లేదు, పిల్లలే జతలన్నీ విప్పి వెతుక్కుంటారు. 8 + 5కి తొమ్మిది, పది, పదకొండు అని లెక్కపెట్టే పిల్లల్ని పది చేసుకునే మెట్టు మీదికి ఎక్కించడానికి ఇంతకంటే మంచి ఆట నాకు తెలియదు, వారం రోజుల్లో "ఎనిమిదికి రెండు కావాలి" అనడం మొదలవుతుంది.

తొమ్మిదేళ్లు దాటాక ఇరవై నాలుగు ఆట. రాబర్ట్ సన్ అనే ఆయన 1988లో దీన్ని విడిగా కార్డులతో తయారుచేశాడు గానీ మామూలు ముక్కలతోనూ ఆడొచ్చు. నాలుగు ముక్కలు తిప్పి, ఒక్కోటి ఒక్కసారే వాడి, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాల్లో ఏవైనా వాడి 24 చేయాలి. 9, 3, 6, 2 పడ్డాయనుకోండి: తొమ్మిదిలో మూడు పోతే ఆరు, ఆరులో రెండు పోతే నాలుగు, ఆరు నాళ్ల ఇరవై నాలుగు. ఒక్క జవాబు కోసం పిల్ల పది పదిహేను లెక్కలు చేసి పారేస్తుంది, అదే దీని బలం. కానీ వేగం పోటీ పెట్టకండి, ఇద్దరూ కలిసి వెతకండి. పెద్దవాళ్లు విడిగా 1, 3, 4, 6 ప్రయత్నించండి, జవాబులో భిన్నం రాక తప్పదు, నాకు ఒక రాత్రి నిద్ర పోయింది.

పాచికలు

రెండు పాచికలు కొనేటప్పుడు ఒకటి చుక్కలది, ఒకటి అంకెలు రాసి ఉన్నది తీసుకోండి. రెండూ చుక్కలవైతే పిల్లలు అన్ని చుక్కలూ ఒకటి నుంచి లెక్కపెట్టేస్తారు. ఒకదాని మీద '6' అని అంకె మాత్రమే ఉంటే లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు, ఆరు అనుకుని రెండో పాచిక చుక్కలు దాని మీద కలుపుకోవాల్సిందే. మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకి ఇంత హాయిగా తీసుకెళ్లేది ఇంకోటి లేదు, మనం నోరు తెరవాల్సిన పని కూడా లేదు.

స్థానవిలువకైతే మూడు గళ్ల ఆట. వందలు, పదులు, ఒకట్లు అని మూడు గళ్లు గీసుకోవాలి, పాచిక వేసిన ప్రతిసారీ పడిన అంకెను వెంటనే ఏదో ఒక గడిలో రాసేయాలి, తర్వాత మార్చకూడదు. ఎవరి సంఖ్య పెద్దదైతే వాళ్లది. మొదట 6 పడితే అందరూ వందల్లోనే వేస్తారు, 1 పడితే ఒకట్లలో. అసలు ఆట 4 పడినప్పుడు మొదలవుతుంది. మా వాడు ఒకసారి చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుని, "ఇంకా రెండుసార్లు వేస్తాం కదా, ఐదో ఆరో రాకుండా ఉంటుందా" అని పదుల్లో రాశాడు. తర్వాత ఇద్దరం కూర్చుని లెక్క వేశాం: రెండు విసుర్లకి 36 రకాలు, వాటిలో 20 సార్లు కనీసం ఒక 5 గానీ 6 గానీ ఉంటుంది. వాడు చేసింది కరెక్టే. ఆ రోజు మాత్రం 2, 1 పడి ఓడిపోయాడు, అది వేరే సంగతి.

పెట్టె మూసే ఆట కూడా మంచిది, కొనక్కర్లేదు, 1 నుంచి 9 దాకా అంకెలు వరసగా రాసుకుంటే చాలు. రెండు పాచికలు వేసి, వచ్చిన మొత్తానికి సరిపోయే అంకెలు కొట్టేయాలి. 9 వస్తే 9 ఒక్కటే కొట్టొచ్చు, 4, 5 కొట్టొచ్చు, 2, 3, 4 అయినా కొట్టొచ్చు. ఇక కొట్టడానికి లేనప్పుడు ఆట ఆగుతుంది, మిగిలినవాటి మొత్తం ఎవరిది తక్కువో వాళ్లు గెలిచినట్టు. ఒంటరిగా కూడా ఆడుకోవచ్చు, అది పెద్ద సుఖం.

ఎక్కాలకి

ఎక్కాలు బట్టీ పట్టించాలా ఆటలతో నేర్పాలా అని కొట్టుకునే ముందు అసలు ఎన్ని మిగిలాయో చూడండి. పది దాకా ఎక్కాలంటే వంద గుణకారాలు. 3 × 7, 7 × 3 ఒకటే అని తెలిస్తే అవి 55కి పడిపోతాయి. 1, 2, 5, 10 ఎక్కాలు చాలామందికి సులువుగానే వస్తాయి, అవి తీసేస్తే మిగిలేది 21 మాత్రమే. ఇరవై ఒక్కటి! ఆ 21 చీటీలు రాసి, వచ్చినవి తీసేస్తూ పోతే చివరికి ఆరో ఏడో మిగులుతాయి, మొండివి. ఆట పెట్టాల్సింది వాటి కోసం. మళ్లీ వంద ప్రశ్నలూ అడిగే యాప్ పెడితే వచ్చిన 2 × 3నే యాభైసార్లు చెప్పి నక్షత్రాలు పోగేసుకుంటారు.

దీనికి నా ఓటు లబ్ధాల పటానికి. 1 నుంచి 9 దాకా ఏ రెండు అంకెలు గుణించినా వచ్చే వేర్వేరు జవాబులు సరిగ్గా 36, అంటే ఆరు వరసలు, వరసకి ఆరు గళ్లు, ఒక్క గడి కూడా మిగలదు, తగ్గదు. ఇలా గీసుకోండి:

1, 2, 3, 4, 5, 6
7, 8, 9, 10, 12, 14
15, 16, 18, 20, 21, 24
25, 27, 28, 30, 32, 35
36, 40, 42, 45, 48, 49
54, 56, 63, 64, 72, 81

కింద విడిగా 1 నుంచి 9 దాకా ఒక వరస, దాని మీద రెండు కాయలు. మొదటి ఆటగాడు ఒక కాయను ఒక అంకె మీద పెడతాడు, అంతే. రెండో ఆటగాడు రెండో కాయ పెట్టి, రెండు అంకెల గుణకారం ఎంతో ఆ గడిని తన రంగు చేసుకుంటాడు. అక్కడినుంచి ఒక్కో వంతుకి ఒక్క కాయనే జరపాలి, కావాలంటే రెండూ ఒకే అంకె మీద ఉండొచ్చు. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా ఎలాగైనా నాలుగు గళ్లు వరసగా పడితే గెలుపు. ఇప్పుడు చూడండి: కాయలు 6 మీద, 4 మీద ఉన్నాయి, పిల్లకి 42 కావాలి. "ఆరు ఉంది, ఆరు ఏళ్ల నలభై రెండు, నాలుగు మీద కాయ ఏడుకి తేవాలి." ఇది గుణకారం కాదు, 42ని 6తో భాగించడం, ఆ మాట ఎవరూ అనలేదు. ఎదుటివాడికి 56 అందకుండా చేయాలంటే 7 మీద గానీ 8 మీద గానీ ఒక్క కాయ కూడా ఉండకుండా జాగ్రత్తపడాలి. లెక్కే చక్రం అంటే నేను చెప్పేది ఇదే.

మరి యాప్‌లు అసలొద్దా?

వద్దనను. పక్కన కూర్చోవడానికి పెద్దవాళ్లు లేనప్పుడు, ప్రయాణాల్లో, వచ్చిన లెక్క మర్చిపోకుండా రోజూ ఐదు నిమిషాలు తిప్పడానికి యాప్ సరైనదే. పిల్లవాడి స్థాయిని బట్టి ప్రశ్న మార్చడం మనకంటే అదే బాగా చేస్తుంది. ఎంచుకునేటప్పుడు మాత్రం మీరే ముందు పదిహేను నిమిషాలు ఆడండి, అదీ కావాలని తప్పులు చేస్తూ ఆడండి. తప్పు నొక్కితే ఊరికే మోత పెట్టి మళ్లీ నొక్కమంటోందా, లేక ఎనిమిది చుక్కలు, ఐదు చుక్కలు చూపించి పది ఎలా అయిందో చూపిస్తోందా? జవాబు టైపు చేయాలా, నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలా? గడియారం ఆపే వీలుందా? ఏ లెక్కలు రావాలో మీరు నిర్ణయించవచ్చా? మొదటి ప్రశ్నకి జవాబు బాగా లేకపోతే మిగతావి చూడకుండానే తీసేయండి.

మంచి యాప్ ఎలా ఉంటుందో తెలియాలంటే 2012లో వచ్చిన డ్రాగన్‌బాక్స్ బీజగణితం ఆట చూడండి. తెరకి రెండు వైపులా బొమ్మల కార్డులు, ఒక పెట్టెను ఒంటరిగా మిగల్చాలి, ఒక వైపు ఏది వేస్తే రెండో వైపూ అదే వేయాలి. స్థాయిలు పెరిగేకొద్దీ బొమ్మలు మెల్లగా అంకెలు, అక్షరాలు అయిపోతాయి. సమీకరణమే ఆట, విడిగా టికెట్టు ఏదీ లేదు. అయినా ఏ యాప్ ఆడినా తర్వాత అలాంటివే రెండు లెక్కలు కాగితం మీద చేయించండి, తెర మీద వేలితో లాగినంత మాత్రాన చేతికి వచ్చినట్టు కాదు.

మిగతావి త్వరగా. సుడోకు మంచి ఆటే గానీ అది కూడికలు నేర్పదు, అంకెల బదులు అక్షరాలు పెట్టినా అదే ఆట. కూడిక, గుణకారం కూడా కావాలంటే జపాన్‌లో లెక్కల మాస్టారు తెత్సుయా మియామోతో 2004లో తయారుచేసిన కెన్‌కెన్ అనే అంకెల పజిల్ పట్టుకోండి. భిన్నాలకి ఒకే పొడవు కాగితపు పట్టీలు మడిచి సగాలు, పావులు, ఎనిమిదో వంతులు కత్తిరించి, ఖాళీ పాచిక మీద ఆ భిన్నాలే రాసి, ఒక పూర్తి పట్టీని ముందు సరిగ్గా ఎవరు నింపుతారో చూడండి. 8 పెద్దది కదా 1/8 ఎందుకు చిన్నది అనే గొడవ రెండో రోజుకి ఉండదు. తర్కానికి 21 పుల్లల ఆట: వంతుకి ఒకటి నుంచి మూడు పుల్లలు తీయొచ్చు, చివరి పుల్ల తీసినవాడిది గెలుపు. రహస్యం చెప్పకండి, వాళ్లే కనిపెడతారు, కనిపెట్టాక వాళ్లు ముందు తీస్తే మీరు మళ్లీ గెలవరు.

తరగతిలో నలభైమంది ఉంటే

మా ఆవిడ ప్రైమరీ టీచరు, ఈ భాగం ఆవిడ మాటే. అందరి ముందు స్క్రీను మీద ప్రశ్న పెట్టి ముందు నొక్కినవాళ్లకి పాయింట్లు ఇచ్చే క్విజ్‌లు గొప్ప సందడిగా ఉంటాయి, కానీ ఆడేది నలుగురు, చూసేది ముప్ఫై ఆరుగురు. తప్పు చెబితే అవుట్ అయ్యే ఆటలు ఇంకా ఘోరం, ఎవరికి అభ్యాసం ఎక్కువ కావాలో వాళ్లే మొదటి నిమిషంలో గోడ దగ్గర నిలబడతారు. వీటికంటే హౌసీ నయం: అంకె బదులు '6 × 4' అని పిలిస్తే ప్రతి పిల్లా తన చీటీలో 24 ఉందో లేదో చూడ్డానికి లెక్క చేయాల్సిందే. అన్నింటికంటే నయం జంటలుగా పేకముక్కలు. ఇరవై జంటలు, ఇరవై కట్టలు, గోల మాత్రం భరించాలి. ఒకే స్థాయి వాళ్లని జంట చేయండి, చురుకైన పిల్లని వెనకబడిన పిల్లతో కూర్చోబెడితే ఒకరే ఇద్దరి లెక్కలూ చేసేస్తారు.

ఓడితే ఏడ్చే పిల్లలకి ఎదురు ఆటగాడే లేకుండా చేయండి. పది జతల్లో బల్ల ఖాళీ అయితే ఇద్దరూ గెలిచినట్టు, కాకపోతే ఇద్దరూ ఓడినట్టు. పెట్టె మూసే ఆటలో నిన్నటి తన మిగులు కంటే ఇవాళ తక్కువ తేవాలి. మనం కావాలని ఓడిపోవడం మాత్రం ఏడేళ్లు దాటాక పనిచేయదు, పట్టేస్తారు, పట్టేశాక ఇంకా ఎక్కువ ఏడుస్తారు.

కాబట్టి గింజలన్నీ మొదటినుంచి లెక్కపెట్టే పిల్లకి వరస గళ్ల పటం, ఒక చుక్కల పాచిక, ఒక అంకెల పాచిక. ముందుకు లెక్కపెట్టే పిల్లకి పది జతలు, రెండేసి ముక్కల కూడిక. కూడికలు నోటికి వచ్చేసినవాళ్లకి మూడు గళ్ల ఆట, లబ్ధాల పటం, ఆ తర్వాత ఇరవై నాలుగు. పదిహేను నిమిషాలు చాలు, ఇంకోసారి ఆడదామని వాళ్లు అడుగుతుండగానే ఆపేయండి, రేపు వాళ్లే కట్ట తెచ్చుకుంటారు. మా వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, 21 చీటీల్లో రెండు మిగిలాయి, వాటిలో ఒకటి ఏడు ఎనిమిదులు. ఈ వారం లబ్ధాల పటం మీద నేను 40, 54, 63 గళ్ల మీదే పడుతున్నాను, ఎందుకంటే అవి మూడూ 56 చుట్టూ ఉన్నాయి, నన్ను ఆపాలంటే వాడు ఆ గడి తీసుకోక తప్పదు. నిన్న రాత్రి నా ఎత్తు కనిపెట్టేశాడనుకుంటా, కాయను ఏడు మీద పెట్టి నా వైపు చూసి నవ్వాడు.